పుట్టగొడుగుల కొత్త

మా అత్త దేముడమ్మ చూడందే మా ఊళ్ళో ఎవరూ పుట్టగొడుగు వండరు. తొలకరి పడిందంటే ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని మా అరుగు ముందు నిలబడతారు. అత్త ఒక్కొక్క బుట్టలో చెయ్యి పెట్టి కలుపుతుంది. కొన్ని ఏరి పెరట్లోకి విసిరేస్తుంది. మిగిలినవి వండుకోమంటుంది. ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే ఆమె చెప్పే మాట ఒక్కటే.

“ఎక్కడ దొరికిందో సెప్పు. సోటు సెప్తే గొడుగు సంగతి సెప్పీసినట్టే.”

పుట్ట మీద లేచిందైతే తినొచ్చు. వెదురు పొదలో దొరికితే కొన్ని తినొచ్చు, కొన్ని కూడదు. పేడ మీద లేచిందైతే కుక్కగొడుగు, ఇంటికి తేకూడదు. ఆమె విద్య అంతా చోటులోనే ఉంది. తన అత్త పోయినప్పటి నుంచి ఆ విద్యతో ఊరికి కూర పెట్టింది. ఒక్కరికి కూడా కడుపులో తిప్పలేదు.

నేను కొయ్యూరు దాన్ని. పేరు రత్నాలు. మా ఆయన మల్లేశు జీపు తోలుకుంటూ మా వైపు వచ్చి, నన్ను చేసుకుని అరకు కొండ మీదికి తెచ్చాక వచ్చిన మొదటి వానకాలం అది. అత్త నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. “కొయ్యూరు గుంట” అనేది, అంటే కొయ్యూరు పిల్ల. ఆమెకో నియమం ఉంది. కొత్త కోడలు ఒక వానకాలం గడిచాకే పుట్ట దగ్గరికి రావాలి. అంతవరకు అత్త తెచ్చినవి కడగడం, కొయ్యడం, వండడం కోడలి పని.

అత్త వాటిని అడ్డాకుల్లో పొట్లాలు కట్టి తెచ్చేది. పొట్లాల్ని చూరుకి వేలాడదీసేది. పొద్దున్న నేను విప్పేదాన్ని. విప్పిన ప్రతిసారీ ఆకు మీద పొడి రాలి ఉండేది. పళ్ళపొడి డబ్బా ఒలికినట్టు గులాబి రంగు. గొడుగు కింద రేకులు ఎలా ఉంటాయో అలాగే ఆకు మీద గీతలు గీసినట్టు పడేది. ఆకులు మళ్ళీ పనికొస్తాయని ఆ పొడి తుడిచి పక్కన పెట్టేదాన్ని. ఆ ఇంట్లో ఆకులు తుడిచేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పొడి సంగతి వేరే ఎవరికీ పట్టలేదు. నాకూ పట్టలేదు, ఆ రోజు వరకు.

*

ఆ వానల్లోనే మా ఆడపడుచు రమణికి సంబంధం వచ్చింది. వచ్చిందంటే, రమణే రప్పించింది. ఆమె అరకు డిగ్రీ కాలేజీలో చదువుతోంది. అనంతగిరి వైపు కుర్రాడు భాను, కాఫీ పళ్ళు తొక్క తీసే యూనిట్‌లో మిషన్ మీద పని. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగేవాళ్ళు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అత్తకి తెలియదని అందరూ అనుకునేవాళ్ళు. అత్త కూడా అలాగే అనుకోనిచ్చింది.

మా వైపు మగపెళ్ళివాళ్ళే కుండ పట్టుకుని అడగడానికి వస్తారు. ఆ కుండలో కల్లు పిల్ల తల్లిదండ్రులు తాగితే మాట ఇచ్చినట్టు. ముట్టకపోతే వాళ్ళు కుండ పట్టుకుని వెనక్కి పోవాలి. ముందు రోజే అత్త మా మావ బుధుకి చెప్పింది.

“నాను గళాసు ఎత్తీవరకు నువ్వు ఎత్తకూడదు. వాసన సూసినా ఒప్పుకోను.”

“వాసన దానంతటదే వొస్తే నానేటి సేత్తాను?” అన్నాడు మావ.

వాళ్ళు ఆ సాయంత్రానికే దిగిపోయారు. ఘాట్ రోడ్డులో కొండచరియ పడేలా ఉందని ఒక రోజు ముందు బయలుదేరారట. భాను, వాళ్ళ నాన్న, ఇద్దరు పెద్దమనుషులు, భాను తల్లి చిట్టెమ్మ. చిట్టెమ్మ ఆటో దిగి కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగిన మొదటి మాట, “మీ ఊర్న పుట్టగొడుగులు లెగిసినాయేటి?”

అప్పుడు తెలిసింది మాకు. వాళ్ళ ఊళ్ళో బుట్టలు చూసేది చిట్టెమ్మేనట.

రమణి నా చెవిలో, “వదినా, అయిపోయింది. ఇద్దరు దేముడమ్మలు,” అంది.

అత్త అప్పటికే తయారుగా ఉంది. మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు పుట్ట పొలానికి పోయి రెండు బుట్టలు తెచ్చింది. మళ్ళీ వాన అందుకుంటుందని పరుగున తెచ్చింది. వాటిలో ఒక బుట్ట తెచ్చి చిట్టెమ్మ ముందు పెట్టింది.

“సూడు వదినా. మా పుట్ట పొలంలోయి. మా అత్త నాటి పుట్ట. అక్కడ లెగిసిందాన్ని ఈనాటికి ఎవుళూ వొంక పెట్టనేదు.”

దీపం వెలుగులో చిట్టెమ్మ ఒకటి తీసింది. వాసన చూసింది. కాడ నొక్కింది. కింద రేకుల మీద వేళ్ళు రాసింది.

“పుట్ట మీదియేనా?”

“పుట్ట మీదియే.”

“అయితే ఇంకేటి సూడ్డం,” అని చిట్టెమ్మ దాన్ని బుట్టలో వేసి చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది. “సోటు సెప్పినావు గదా.”

ఇద్దరూ ఒకే బడిలో చదివారని నాకు అర్థమైంది. ఆ రాత్రి భోజనాలకి పప్పు, ఎండుచేప. పుట్టగొడుగులు మర్నాటి విందుకి. అత్త పొట్లాలు కట్టి చూరుకి వేలాడదీసింది.

*

పొద్దున్న పొయ్యి ముట్టించి మొదటి పొట్లం విప్పాను. ఆకు నల్లగా ఉంది.

మసి అనుకుని వేలితో తీశాను. మసి కాదు. గులాబి పొడి పడే చోటనే, ఆ గీతల్లోనే, కాటుకలాంటి పొడి పడి ఉంది. రెండో పొట్లం విప్పాను. అదీ నలుపే. మూడోది విప్పితే సగం ఆకు గులాబి, సగం నలుపు.

నల్లపొడి రాల్చినదాన్ని తిరగేసి చూశాను. కింద రేకులు తెల్లగా లేవు, పూర్తిగా నల్లగానూ లేవు. బూడిదరంగు మీద నల్లమచ్చలు, కముజుపిట్ట గుడ్డు మీద ఉన్నట్టు. పుట్ట మీది గొడుగుకి నడినెత్తిన ములుకులాంటి మొన ఉంటుంది. దీనికి లేదు, ఆవు మెడలో గంటలా గుండ్రంగా ఉంది. పుట్టగొడుగు కాడకి పుట్టలోకి దిగే వేరు ఉంటుంది. దీని కాడ కిందికి వచ్చి అక్కడితో ఆగిపోయింది. చివర గడ్డి పీచు అంటుకుని ఉంది. పశువు నమిలిన గడ్డి పీచు.

రమణిని పిలిచాను. ఆమె ఆకు చూసి, నన్ను చూసి, “అమ్మ తెచ్చిందేనా?” అంది.

“అమ్మే తెచ్చింది. మీ అత్త కూడా సూసింది.”

“మా అత్త ఇంకా అవ్వలేదు. ఇయి ఒండితే అవ్వదు.” ఫోనుతో ఆకుని, గొడుగుని ఫొటోలు తీసింది. “మా బాటనీ మేడమ్‌కి పంపుతాను. గానీ సిగ్నలు రావాలంటే పైమలుపు దాకా ఎక్కాల. అంతలో ఈళ్ళు తినీసి ఎల్లిపోతారు. నువ్వెళ్ళి అమ్మకి సెప్పు.”

“నువ్వు సెప్పు. నువ్వు కూతురివి.”

“నాను పెళ్ళికూతుర్ని. నోరెత్తకూడదు,” అంది. అంతకు ముందు ఆమె ఏ కారణంగానూ నోరు మూసుకోగా నేను చూడలేదు.

అరుగు మీద అందరూ కూర్చున్నారు. మధ్యలో కల్లు కుండ. మావ ఆ కుండ వైపు చూడకుండా కొండ వైపు చూస్తున్నాడు. అత్త పుట్ట పొలం కథ చెబుతోంది. చిట్టెమ్మ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. ఆటో కుదుపులకి తిప్పుతున్నట్టుంది అనుకున్నాను.

“అత్తా, ఓపాలి లోపలికి రా.”

“ఏటి? ఉప్పు నేదా?”

“ఉప్పుంది. నువ్వు రా.”

“ఇక్కడ సెప్పు. ఈళ్ళు పరాయోళ్ళేటి?”

అందరూ నా వైపు తిరిగారు. కుక్కగొడుగులు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే అత్త మాట ఆ రోజుతో పోతుంది. విందుకి విషం తెచ్చిన ఇల్లని కుండ వెనక్కి పోతుంది. అనకపోతే కూర పొయ్యి మీదికి వస్తుంది. తలుపు వెనక రమణి నిలబడి నన్నే చూస్తోంది.

“కొత్త అవ్వనేదు అత్తా,” అన్నాను.

“ఏటి కొత్త?”

“పుట్టగొడుగుల కొత్త.”

మా కొండల్లో కొత్త అంటే అందరికీ తెలుసు. మామిడికాయ కాసినా, సామలు పండినా, కొర్రలు పండినా ముందు దేవుడికి పెట్టి కొత్త చెయ్యాలి. చెయ్యకుండా నోట్లో పెట్టుకోకూడదు. కానీ పుట్టగొడుగుకి కొత్త లేదు. అరకులో లేదు, కొయ్యూరులో లేదు, నాకు తెలిసి ఎక్కడా లేదు.

“మా కొయ్యూరు వేపు ఉంది,” అన్నాను. “ఇంట్లో కొత్త కోడలుంటే, పెళ్ళి మాటకి ఒండీ ముందు పుట్టగొడుగు దేవుడికి పెట్టాల. నేకపోతే మాట నిలబడదు. నానే మర్సిపోయినాను. పొట్లం విప్పినప్పుడు గేపకం వొచ్చింది.”

“నెల్లాళ్ళు తిన్నప్పుడు రాని గేపకం ఈయాల వొచ్చిందేటి?” అంది అత్త. “మామిడికి కొత్త, కొర్రకి కొత్త. పుట్టగొడుగుకి కొత్తేటే? రేపు నీ మొగుడి జీపు టైర్లకి కూడా కొత్త సేత్తావా?”

భాను నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. మల్లేశు నన్ను చూస్తున్నాడు, తన టైర్లు ఇందులోకి ఎలా వచ్చాయన్నట్టు.

“ఉంది వదినా,” అంది చిట్టెమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“పుట్టగొడుగుల కొత్త ఉంది. మా పెద్దమ్మ సెప్పీది. మా వేపు కూడా సేసీవోళ్ళు, మానీసినారు. మానీసిన కాడ్నించే మాకు పసుపు దుంప సరిగ్గా ఊరడం నేదు.”

“పసుపుకీ పుట్టగొడుగుకీ సమ్మందం ఏటి?” అన్నాడు ఆమె మొగుడు.

“నీకేటి తెల్సు, నువ్వూరుకో,” అంది చిట్టెమ్మ. “వదినా, ఆచారం ఆచారమే. పిల్లల మంచికి గదా. నాకైతే కొత్త కాని పుట్టగొడుగు ముద్ద దిగదు.”

నేను అప్పుడే పుట్టించిన ఆచారానికి నా కళ్ళముందే సాక్షి దొరికింది. అది ఎలా జరిగిందో నాకు తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అత్త నన్ను చూసింది, చిట్టెమ్మని చూసింది. ఇంటికొచ్చిన వియ్యపురాలి మాట కాదనడం ఎలా? లేచి పెరట్లోకి పోయింది. కొంతసేపటికి కోడి అరుపు వినిపించింది.

కోడికూర, సామల అన్నం. చిట్టెమ్మ రెండోసారి కూర వేయించుకుంది. పొట్ట మీద చెయ్యి ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. భోజనాలయ్యాక అత్త గ్లాసు ఎత్తింది. ఆమె గ్లాసు పెదవికి తగిలిందో లేదో మావ గ్లాసు ఖాళీ అయింది. రమణి మాట అలా ఖాయమైంది.

*

ఆటో మలుపు తిరగ్గానే అత్త అరుగు మీద కూలబడింది.

“ఇప్పుడు సెప్పు. మా సిన్నక్కని కొయ్యూరే ఇచ్చినారు. అక్కడ అలాటి కొత్త నేదు.”

లోపలికి పోయి ఆకులు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. అత్త వేలితో ఆకు మీద రాసింది. వేలు చూసుకుంది. రెండో ఆకు మీద రాసింది. పొట్లంలోంచి ఒకదాన్ని తీసి తిరగేసి ఎండ వైపు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. అరుగు ముందు నుంచి పోతున్న పక్కింటి రవిబాబు పెళ్ళాం ఏదో పలకరించింది. అత్త ఇంకో గొడుగు తీసి తిరగేసింది.

తర్వాత లేచి కొడవలి అందుకుంది.

“రా.”

“ఎక్కడికి?”

“పుట్ట కాడికి.”

“నానా? ఓ వానకాలం గడవనేదు గదా.”

“గడిసింది,” అంది.

పుట్ట పొలంలో అత్త వంగి గడ్డి పాయలు తీసింది. పుట్టకి పడమటి వైపు గొడుగులు లేచి ఉన్నాయి. కొడవలి మొనతో ఒకదాని చుట్టూ తవ్వింది. కొడవలి దిగిన కొద్దీ వేరు దిగింది. అది పుట్టగొడుగు. తూర్పు వైపుకి వచ్చింది. అక్కడా తెల్లగా లేచి ఉన్నాయి, అక్కడా పుట్ట పక్కనే. తవ్వితే వేరు లేదు. గడ్డి కింద వానకి కరిగిన పేడ, దాని కింద ఇంకా పేడ. కొంచెం అవతల నేలలో గుంజలు పాతిన గుంటలు వరసగా ఉన్నాయి.

“మంద కట్టినారు ఇక్కడ,” అంది అత్త.

ఎండాకాలం పంట లేనప్పుడు రాత్రిళ్ళు పశువుల్ని పొలంలో కట్టేస్తారు. పేడ, పంచితం పడి నేల బలపడుతుంది. మా మంద ఎప్పుడూ వాగు పక్క పొలంలో కడతారు. పుట్ట పొలంలో కట్టకూడదని అత్త మాట. ఆ మాట ఎవరు దాటారా అని నేను ఆలోచిస్తుంటే అత్త తల పైకెత్తింది. మా నెత్తి మీద జీలుగు చెట్టు. చెట్టుకి వెదురు నిచ్చెన కట్టి ఉంది. పైన కల్లు గీసిన కుండ, ఎండాకాలం నుంచి దించనిది, ఇంకా వేలాడుతోంది.

“ఓలమ్మ,” అంది అత్త. “మీ మావ.”

ఇంటికి వచ్చేసరికి మావ అరుగు మీద కునుకు తీస్తున్నాడు. అత్త అతని పక్కన నిలబడింది.

“ఎండల్లో మంద ఎక్కడ కట్టినావు?”

“పొలంలో.”

“ఏ పొలంలో?”

మావ కళ్ళు తెరిచాడు. “పుట్ట పొలంలో.”

“వాగు పొలం ఏటైంది?”

“అక్కడ నీడ నేదు.”

“రాత్రి పూట కట్టే మందకి నీడేటి?”

మావ ఆలోచించాడు. “ఆవులు అడిగినాయి,” అన్నాడు.

తలుపు దగ్గర రమణి పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అత్త నవ్వకుండా ఉండాలని చూసింది. ఆ రోజు తర్వాత పుట్ట పొలంలో మంద కట్టలేదు. జీలుగు కుండ మాత్రం అత్తే దింపించి, వాగు పొలం పక్కన ఉన్న చెట్టుకి కట్టించింది.

*

ఈ సంగతి మా నలుగురి మధ్యే ఉండిపోయేది. కానీ కొయ్యూరు కొత్త ఊరంతా పాకింది. రెండో రోజుకి బుట్టలు పట్టుకుని వచ్చినవాళ్ళు చోటు చెప్పడం మానేసి వేరే మాట అడగడం మొదలుపెట్టారు.

“దేముడమ్మా, పుట్టగొడుగుల కొత్త ఎప్పుడు? కొత్త కానివి తింటే పసుపు ఊరదంట గదా.”

అబద్ధమని అత్త చెప్పలేదు. చెబితే ఎందుకు ఆడామో చెప్పాలి. నన్ను లోపలికి పిలిచింది.

“నువ్వే ఎత్తినావు. నువ్వే దించు. నీ కొత్త ఎలా సెయ్యాలో సెప్పు.”

“ఆకుతో సేద్దాం,” అన్నాను.

అలా జరిగింది. అమ్మవారి రాయి ముందు అలికి, ఇంటికో అడ్డాకు పరిచాం. ఎవరి బుట్టలోంచి వాళ్ళు రకానికి ఒక గొడుగు తీసి, కాడ తుంచి, రేకులు కిందికి వచ్చేలా ఆకు మీద బోర్లించారు. గాలికి పోకుండా పైన గిన్నె మూశారు. మర్నాడు పొద్దున్న ఊరంతా వచ్చింది. అత్త ఒక్కొక్క గిన్నె ఎత్తింది. నేను పక్కన నిలబడ్డాను.

“గులాబి. అమ్మోరు తినింది. ఒండుకో. గానీ కాడ కింద ఏరు సూసినావా? ఏరు నేకపోతే గులాబి పడినా ఒద్దు.”

రవిబాబు ఇంటి గిన్నె ఎత్తేసరికి ఆకు నల్లగా ఉంది.

“అమ్మోరు ఒప్పుకోనేదు. బుట్ట పెంటలో పోసీ.”

“ఇది పుట్ట పక్కదే,” అన్నాడు రవిబాబు.

“పుట్ట పక్క నీ ఆవు ఏటి పెట్టిందో నీకు తెల్సా?”

రవిబాబు బుట్ట పెంటలో పోశాడు.

రమణి పైమలుపు ఎక్కి వచ్చింది ఆ రోజే. మేడమ్ జవాబు పంపింది. అరుగు మీద కూర్చుని మాకు చదివి వినిపించింది. వాటిని పానియోలస్ అంటారట. అది ఒక గొడుగు పేరు కాదు, ఒక కుటుంబం పేరు లాంటిది. ఎక్కువగా పేడ మీద, పేడ పడిన గడ్డిలో లేస్తాయి. టోపీ గంటలా ఉంటుంది, గొడుగులా పూర్తిగా విచ్చుకోదు. కాడ సన్నం. రేకుల మీద మచ్చలు ఎందుకంటే, పొడి అంతా ఒక్కసారి పండదు. ఒక చోట పండి నల్లబడుతుంది, పక్కన ఇంకా పచ్చిగా ఉంటుంది. పొడి మాత్రం నలుపు. ఈ కుటుంబంలో కొన్ని తింటే తల తిరిగి మనిషి మనిషిలా ఉండడు. ఫొటో చూసి ఇది ఏదో చెప్పలేనని, ఏదైనా తినొద్దని మేడమ్ రాసింది.

“ఏటి పేరన్నావు?” అంది అత్త.

“పానియోలస్.”

“పేడగొడుగంటే సరిపోదేటి,” అంది. ఆ సాయంత్రం బుట్ట తెచ్చిన ఇద్దరితో, “ఇది పానెలస్సు, పారబొయ్యి,” అనడం నేను విన్నాను.

*

కొర్రకొత్త ముందు చిట్టెమ్మ మళ్ళీ వచ్చింది, ముహూర్తం మాట్లాడడానికి. ఈసారి భానునీ మొగుణ్ణీ మాత్రమే తెచ్చుకుంది. కుండ తెచ్చిన రోజు కట్టుకున్న చీరే కట్టుకుంది. సాయంత్రం అత్త పుట్టగొడుగుల బుట్ట తెచ్చి ముందు పెట్టింది. చిట్టెమ్మ వంగినప్పుడు కొంగు బుట్ట మీద పడింది. కొంగు చివర నల్లగా ఒక మరక ఉంది. నాలుగు వేళ్ళు తుడిచినట్టు.

నేను ఆ మరకనే చూస్తున్నానని చిట్టెమ్మ చూసింది. అత్త కూడా చూసింది.

“ఉతికినా పోనేదు,” అంది చిట్టెమ్మ.

పెరట్లో మావ, భాను నాన్న ఏదో లెక్క తేలక వాదించుకుంటున్నారు.

“నీకు తెల్సా వదినా?” అంది అత్త.

“ఆ రోజు రాత్రి తెలీనేదు. పుట్ట మీదియన్నావు, నాను నమ్మీసినాను. పొద్దున్న మొకం కడిగి కొంగుతో తుడుసుకుంటే మొకం నల్లబడింది. అప్పుడు తెల్సింది.”

“మరి సెప్పనేదేం?”

“ఎలా సెప్పీది? నువ్వు తెచ్చినావు, నాను సరే అన్నాను. సెప్తే నీ మాటా పోద్ది, నా మాటా పోద్ది. మాటలు పోతే పోనీ, పిల్ల పోతే నా కొడుకు ఊరుకుంటాడేటి? ఆ బస్సు టికెట్లన్నీ దాసుకున్నాడు.”

భాను లేచి అవతలికి పోయాడు. రమణి తల వంచుకుని నవ్వింది.

“అందుకే పొట్ట పట్టుకుని కూకున్నాను,” అంది చిట్టెమ్మ. “కూర పొయ్యి మీదికెక్కితే నీ అరుగు మీద పడి పొర్లీద్దామని. నాను పొర్లితే ఎవుడు తింటాడు? అందరూ లెగిసిపోదురు.”

“మరి పొర్లనేదేం?”

“పొర్లీలోపే నీ కోడలు దేవుణ్ణి తెచ్చీసింది గదా. నాను పొర్లి ఉంటే, రోగిష్టిదాని ఇంటికి పిల్లనెందుకు ఇస్తానని నువ్వు కుండ ఎనక్కి పంపీదానివి. అది ఒకటి బయం.”

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నిట్రాట పట్టుకుని నవ్వింది. చిట్టెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, మరక చూసి, వేరే కొస పట్టుకుంది. దాంతో అత్త మళ్ళీ నవ్వింది.

“మరి మీ పెద్దమ్మ? పసుపు?”

“మా పెద్దమ్మ పుట్టగొడుగు తినీది కాదు,” అంది చిట్టెమ్మ. “పసుపు బాగానే ఊరతంది.”

నవ్వయ్యాక అత్త రెండు అడ్డాకులు తెప్పించింది. ఒకటి తన ముందు పెట్టుకుంది, ఒకటి చిట్టెమ్మ వైపు జరిపింది. ఇద్దరూ చెరో గొడుగు బోర్లించారు. ఎవరి గిన్నె వాళ్ళు మూశారు. ఆ రాత్రి మళ్ళీ పప్పు, ఎండుచేప.

పొద్దున్న ఇద్దరూ నాకంటే ముందు లేచి గిన్నెల దగ్గర కూర్చున్నారు. నేను రాగానే ఎత్తారు. రెండు ఆకులూ గులాబి. అత్త బుట్టలో చెయ్యి పెట్టలేదు. కాలితో బుట్టని నా వైపు తోసింది.

“ఏరు సూడు. రేకు సూడు. సూసి ఎయ్యి,” అంది. “ఏటలా నిలబడ్డావు రత్నాలూ, బేగి ఒండు. మీ కొయ్యూరు దేవుడు ఒప్పుకున్నాడు.”